బహదూర్‌పురాలో బెస్తవారి అన్నము

హైదరాబాదు పాతబస్తీలో పురానాపూలు దాటి దక్షిణముగా పోవు త్రోవను పట్టినచో కొంత దూరమునకు బహదూర్‌పురా వచ్చును. పురానాపూలు 1578వ సంవత్సరమున ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలమున మూసీనదిపై కట్టబడినది. బహదూర్‌పురా కూడలిపై 2022లో మరియొక వంతెన వెలసినది. దాని క్రింద నీరు లేదు, బండ్ల ప్రవాహమే కలదు. సెలవు దినములలో ఊరి నలుమూలల నుండి పిల్లలను వెంటబెట్టుకొని తల్లులిచ్చటికి వత్తురు. వారందరును 1963వ సంవత్సరము అక్టోబరు 6వ తేదీన తెరువబడిన నెహ్రూ జంతుప్రదర్శనశాలను చూడవచ్చినవారే. పులిని, ఏనుగును చూచి, వేయించిన వేరుసెనగకాయలు తిని మరలిపోవుదురు. ఆ తోట కావల మీరాలం చెరువున్నదని వారిలో కొందరికే తెలియును.

మా యిల్లు ఆ చెరువునకు దగ్గర. నిజాము సికందర్‌జా కాలమున ప్రధానిగా నుండిన మీరాలం పేర ఈ చెరువు వెలసినది. 1804లో పని మొదలుపెట్టి 1806లో ముగించిరి. దీని కట్ట తక్కిన చెరువుల కట్టలవలె తిన్నని మట్టిగట్టు కాదు. ఇరువదియొక్క అర్ధచంద్రాకారపు రాతి కమానులను ఒకదాని ప్రక్క నొకటి నిలిపి, వాని వీపులు నీటివైపునకు ఉబ్బియుండునట్లు కట్టిరి. నీరు ఎంత గట్టిగా త్రోసిన కమానులోని రాళ్లు అంత గట్టిగా ఒకదానినొకటి పట్టుకొనును. ఆ త్రోపు చివరకు కమానుల నడుమనున్న స్తంభములపై బడి నేలకు దిగును. రెండువందల యేండ్లు గడచినను ఆ కట్టడము చెక్కుచెదరక నిలిచియుండుటకు కారణమిదియే. 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి నగరమును ముంచిన పిమ్మట ఉస్మాన్‌సాగరును కట్టిరి. 1920లో అది పూర్తియగువరకును పట్టణవాసుల దాహము తీర్చిన చెరువులలో ముఖ్యమైనది మీరాలమే.

మా అత్తవారు గంగపుత్రులు. చేపలు పట్టుట వారి కులవృత్తి. మా మామగారి తండ్రి ఈ చెరువులో తెప్పపై తిరిగి వల విసరెడివాడని ఇంటిలో చెప్పుకొందురు. ఇప్పుడు చుట్టుప్రక్కల పేటల మురుగునీరు చెరువున జేరుచున్నది. గుర్రపుడెక్క దుప్పటి కప్పినట్లు నీటిపై పరచుకొనును. తీసివేసిన కొలది మరల పెరుగును. మా యింట వలలు అటకపైకి పోయి చాల కాలమైనది. అయినను మా అత్తగారు చేప కొనునపుడు ధర అడుగుటకు ముందుగా, "ఇది ఏ నీటిది?" అని యడుగును. చేపను చూచుటకు ముందు నీటిని చూడవలెనను బుద్ధి ఆమె రక్తములోనిది.

ఈ వ్యాసమున నేను చెప్పదలచినది మా పొరుగింట వండిన ఒక యన్నమును గూర్చి. దానిని సయ్యాదియా యందురు. మధ్యధరా సముద్రమునకు తూర్పుతీరమున నున్న లెబనాను, సిరియా, పాలస్తీనా దేశముల రేవుపట్టణములలో ఇది పరంపరగా వచ్చుచున్న వంట. బేరూతు, ట్రిపొలీ, సైదా, లటాకియా, గాజా మొదలగు తావులలో ఇంటింట వండుదురు. ఎఱ్ఱసముద్రపు ఒడ్డున జిద్దాలోను, యెమెను తీరమునను కొలదిపాటి భేదములతో ఇదియే కానవచ్చును. అరబ్బీలో సయ్యాదు అనగా వేటాడువాడు, చేపలు పట్టువాడు. కావున సయ్యాదియా యనగా మన మాటలో బెస్తవారి అన్నము. అదే మాట ఉర్దూలోను కలదు గాని, ఉర్దూ కవిత్వమున సయ్యాదు వలపన్ని పిట్టను పట్టి పంజరములో నుంచువాడు. సముద్రపుటొడ్డున చేపను పట్టువాడు ఇచ్చట పిట్టను పట్టువాడయ్యెను.

పొరుగింటి యావిడను నేను ఖాలా అని పిలుతును. ఆమె భర్త 1990 ప్రాంతమున జిద్దాకు పోయి ఇరువది యేండ్లకు పైగా ఒక భోజనశాల వంటింటిలో పనిచేసెను. రెండేండ్ల కొకసారి సెలవుపై వచ్చెడివాడు. వచ్చిన మఱునాడు స్నానముచేసి, ఖర్జూరములు, జంజం నీరు బంధువులకు పంచి, తానే బేగంబజారునకు పోయి చేపలు తెచ్చి ఈ యన్నము వండెడివాడట. అచ్చట తనతో పనిచేసిన ట్రిపొలీ పట్టణపు వంటవాడొకడు దీనిని ఆయనకు నేర్పెనట. ఖాలా ఉల్లిపాయలు తరిగి యిచ్చుటయే గాని పొయ్యి దగ్గర నిలిచి యెరుగదు. "రెండేండ్లు నీవు వండితివి, ఈ యొక్కనాడు నేను వండెద" నని ఆయన ఆమెను పీటపై కూర్చుండబెట్టెడివాడట. ఆయన గతించి ఎనిమిదేండ్లయినది. నాటినుండి ఆ యింట సయ్యాదియా వండలేదు.

గడచిన వర్షకాలమున ఆమె కుమారునకు జిద్దాలోనే పని కుదిరినది. ప్రయాణమునకు మూడు వారములున్నవి. అతడొకనాడు తల్లితో, "అబ్బాజాను వండిన చేప అన్నము ఒక్కసారి తినిపోవలెనని యున్నది, అమ్మీ" యనెను. ఆమె బదులు చెప్పక లోపలికి పోయినది. సాయంకాలము మా గుమ్మము ముందు కూర్చుండి నాతో, "ఆ యన్నము ఇంటికి వచ్చిన దినమున వండెడిది, బేటీ. పోవు దినమున వండుట నాచేత కాదు. పైగా నాకు రాదు కూడ" అని కన్నులొత్తుకొనెను.

ఆమె మాటలను నేనెంతో సేపు తలపోసితిని. అరబ్బుదేశముల వంటలు మా పాతబస్తీకి క్రొత్తవి కావు. నిజాముల కొలువున సిపాయిలుగా హద్రమౌతునుండి వచ్చిన అరబ్బులు చాంద్రాయణగుట్ట చెంతనున్న బార్కసులో నిలిచిపోయిరి. సైనికుల బ్యారక్సు అను మాటయే బార్కసు అయినది. వారిని ఇచ్చట చావూషులందురు. వారి హరీసు ఇచ్చటి మసాలాలతో గూడి హలీమయ్యెను. ఆ హలీమునకు 2010లో భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. వారి మందీ యన్నమునకై నేడు ఊరంతయు బార్కసునకు పోవుచున్నది. సిపాయిలు తెచ్చిన వంట ఊరి సొత్తయినది. తరువాతి కాలమున కూలికై అరబ్బుదేశములకు పోయి వచ్చినవారు తెచ్చిన వంటలో? అవి వారి పెట్టెలతో వచ్చి, వారి యిండ్లలోనే యుండి, వారితోనే పోవుచున్నవి. వానిని వ్రాసిపెట్టువారు లేరు. ఈ యొక్క వంటనైన పోనీయరాదని నాకు దోచినది.

మఱునాడు ఖాలాతో, "ప్రయాణపు దినమున వండవలదు. ఇప్పుడే నేర్చుకొనుటకై వండుదము. అబ్బాయి పొయ్యి దగ్గరనే యుండును. మీకు జ్ఞాపకమున్నది మీరు చెప్పుడు, నాకు చేపను గూర్చి తెలిసినది నేను చెప్పెదను" అంటిని. ఆమె చాలసేపు ఆలోచించి, "నేర్చుకొనుటకే గదా" యని యొప్పుకొనెను.

మొదటి చిక్కు చేపది. తూర్పు మధ్యధరా తీరమున గట్టి తెల్లని కండ గల సముద్రపు చేపలను దీనికి వాడుదురు. కాకినాడ, విశాఖపట్టణముల నుండి మంచులో వచ్చు వంజరము గాని, పండుగప్ప గాని సరిపోవును. మేము కొఱ్ఱమీను నెన్నుకొంటిమి. అది చెరువుల చేపయైనను కండ గట్టిది, ముండ్లు తక్కువ. గాలి పీల్చి బ్రతుకగలదు గనుక అంగడిలో తొట్లయందు ప్రాణముతోనే దొరకును. తెలంగాణ ప్రభుత్వము 2016లో దీనిని రాష్ట్రపు చేపగా ప్రకటించినది. బొచ్చె, రోహు పులుసునకు రుచియే గాని, అన్నములో కలియు వంటకు పనికిరావు. వాని సన్నపు ముండ్లు మెతుకులలో కలిసి పిల్లల గొంతుక కడ్డుపడును. మా అత్తగారు బేగంబజారునకు మాతో వచ్చి, అలవాటు ప్రకారము నీటిని గూర్చి విచారించి, కిలోన్నర చేపను తెచ్చినది. అంగడివాడు తలను పారవేయబోగా, "తల లేక యీ వంట యెక్కడిది?" అని ఆమె వాని చేయి పట్టుకొనెను. సయ్యాదియా పేరైన వినియెరుగని మా అత్తగారికి ఆ కిటుకు ఎట్లు తెలిసెనో! చేపలు పట్టువారి యింట తలను పారవేయరు. మంచి ముక్కలు అంగడికి పోవును, తలయు తోకయు ఇంటి కుండలోనికి వచ్చును. ఏ దేశపు బెస్తవారికైన అదియే న్యాయము.

నాటి వంట చెడిపోయినది. ఈ యన్నమునకు ప్రాణము ఉల్లిపాయ. దానిని నల్లబడుటకు ఒక్క ఘడియ ముందువరకు వేయించి, ఆ రంగును నీటిలోనికి దించి, ఆ నీటిలో బియ్యము వండుదురు. పసుపు గాని, కారము గాని యీ యన్నమునకు రంగునీయవు. తేనెరంగు అంతయు ఉల్లిపాయదే. మేము ఇంకను కొంచెము, ఇంకను కొంచెమని చూచుచుండగనే బాణలిలో ఉల్లి మాడిపోయెను. ఎసరు చేదెక్కినది. అన్నము నల్లగా, గసరుగా దిగినది. అబ్బాయి రెండు ముద్దలు నోట బెట్టుకొని, "బాగుగనే యున్నది" అనెను. తల్లి వాని ముఖము చూచి పళ్లెమును లాగివేసి, "మీ అబ్బాజానుకు నీవలె అబద్ధమాడుట రాదు" అని నవ్వినది. ఆ యింట ఆయన పేరు తలచుకొని నవ్విన చప్పుడు ఎనిమిదేండ్ల తరువాత నాడే వింటిని.

నవ్వుతోబాటు ఆమెకొక జ్ఞాపకము వచ్చెను. భర్త ఉల్లి వేయించునపుడు ఒక చింతగింజను పొయ్యి ప్రక్కన నుంచుకొనెడివాడట. ఎందులకో ఆమె యెన్నడును అడుగలేదు. "అది కొలత, బేటీ! ఆ రంగు రాగానే నీళ్లు పోసెడివాడు" అని యొక్కసారిగా లేచినది. వారము గడచిన పిమ్మట మరల ప్రయత్నించితిమి. పొయ్యి గట్టుపై చింతగింజ నుంచితిమి. ఈసారి కుదిరినది. ఆ విధానమును సోదరీమణుల సౌకర్యమునకై క్రింద వ్రాయుచున్నాను. ఆరుగురికి సరిపోవును.

శుభ్రపరచిన చేప ముక్కలు ముప్పాతిక కిలో, దాని తల, తోక, నడుమ ముల్లు వేరుగా నుంచుకొనవలెను. తలలోని మొప్పలను తప్పక తీసివేయవలెను. అవి యున్నచో ఎసరు చేదగును. ముక్కలకు ఉప్పు, ఒక నిమ్మకాయ రసము, ఒక చిన్నచెంచాడు జీలకఱ్ఱ పొడి పట్టించి అరగంట యుంచవలెను. పాత సన్నబియ్యము రెండు గ్లాసులు కడిగి ఇరువది నిమిషములు నానబెట్టి నీరు వంచవలెను.

ఉల్లిపాయలు అరకిలో సన్నగా, అన్నియు ఒకే మందముగా తరుగవలెను. మందము హెచ్చుతగ్గులైనచో సన్ననివి మాడును, లావైనవి పచ్చిగా నుండును. బాణలిలో ఒక గ్లాసు నూనె కాచి ఉల్లిని మధ్యమపు సెగపై కలుపుచు వేయించవలెను. ఇరువది నిమిషములకు ఎఱ్ఱనగును. అప్పుడు మూడవవంతు తీసి పళ్లెములో పరచిన చల్లారి కరకరలాడును. పైన చల్లుటకు అది పనికివచ్చును. మిగిలినదానిని సెగ తగ్గించి చింతగింజ రంగు వచ్చువరకు వేయించవలెను. ఇచ్చట బాణలిని విడిచి కదలరాదు. రంగు రాగానే నూనెను వేరొక గిన్నెలోనికి వంచి, ఉల్లిపై ఆరు గ్లాసుల వేడినీరు పోసి, చేప తల, తోక, ముల్లు, అంగుళమంత దాల్చినచెక్క, పది మిరియములు, కొంచెము ఉప్పు వేసి అరగంట సన్నని సెగపై మరుగనీయవలెను. అంతకు మించి మరిగినచో ముల్లు వాసన పైకి వచ్చును. పిదప జల్లెడతో వడగట్టి, మెత్తబడిన ఉల్లిని జల్లెడపైననే గరిటెతో నలిపి రసము దించవలెను. ముల్లు మాత్రము ఎసరులో పడకుండ చూచుకొనవలెను.

వంచియుంచిన నూనెను మరల కాచి, చేప ముక్కలను పలుచగా గోధుమపిండిలో పొర్లించి ఇరుప్రక్కల ఎఱ్ఱగా వేయించి తీయవలెను. వేరొక గిన్నెలో అదే నూనె రెండు గరిటెలు వేసి, చిన్నచెంచాడు జీలకఱ్ఱ, అర చెంచాడు ధనియాలపొడి వేసి, బియ్యమును రెండు నిమిషములు వేయించి, మరుగుచున్న ఎసరు నాలుగు గ్లాసులు కొలిచి పోయవలెను. ఉప్పు సరిచూచి, ఒక పొంగు రాగానే మూతవేసి సన్నని సెగపై ఇగురనీయవలెను. దించిన తరువాత పది నిమిషములు మూత తీయరాదు. మిగిలిన ఎసరులో ఒక చెంచాడు గోధుమపిండి జారుగా కలిపి మరిగించి, నిమ్మరసము పిండిన చక్కని చారు అగును. అన్నమును వెడల్పు పళ్లెములో పోసి, పైన చేప ముక్కలమర్చి, కరకరలాడు ఉల్లిని, నేతిలో వేయించిన బాదముపప్పును చల్లవలెను. అచ్చటివారు దేవదారుజాతి చెట్ల గింజలను చల్లుదురు. వానిని బేగంబజారులో చిల్గోజా యందురు. వెల హెచ్చు గనుక బాదము చాలును.

నువ్వుల ముద్దలో నిమ్మరసము, వెల్లుల్లి, ఉప్పు, నీరు చేర్చి చిలికిన పచ్చడి యొకటి దీనికి తోడుగా అచ్చట వడ్డింతురు. అది చూచినపుడు మాకెవరికిని క్రొత్తగా తోచలేదు. పాతబస్తీలో కిచిడీతో తిను తిల్ కా ఖట్టా దానికి తోబుట్టువు. అచ్చట నిమ్మపులుపు, ఇచ్చట చింతపులుపు. ఉల్లిని ఎఱ్ఱగా వేయించి అన్నములో కలుపుట మన బగారాన్నము వండువారికి చెప్పవలసిన పని లేదు. దూరదేశపు వంటలో సగము మన చేతులకు ముందే తెలిసియున్నది.

రెండవసారి వండినపుడు మూత తీయగనే ఆ వాసన ఇంటినిండ నలముకొనెను. అబ్బాయి గుమ్మములో నిలిచి లోపలికి రాలేదు. చిన్ననాట బడినుండి వచ్చుచు వీధిమలుపున ఈ వాసన తగిలినచో నాన్న వచ్చినాడని పరుగెత్తెడివాడట. ఖాలా వానిని చూచి యేమియు ననలేదు. మొదటి పళ్లెము వానికి, రెండవది మా అత్తగారికి పెట్టినది. మా అత్తగారు ఒక ముద్ద తిని, "ఇది మా వారి వంటయే. మేము గంజిలో ఉడికించెడివారము, వీరు ఉల్లినీటిలో ఉడికించిరి" అని తీర్పు చెప్పెను.

భోజనములైన పిదప నేనీ విధానమును తెలుగులో ఒక పుస్తకమున వ్రాసికొంటిని. అబ్బాయి దానినే ఉర్దూలో వ్రాసికొనెను. ఉల్లి రంగు చెప్పు చోట వ్రాయుట యాపి తల్లిని చూచెను. ఆమె పొయ్యి గట్టుపై నున్న చింతగింజను తీసి కాగితములో మడిచి వాని చేతికిచ్చినది. "అచ్చట ఆదివారములు వండుకొని నేర్చుకొనుము. ఈనాటిది నేర్చుటకు వండినది. దీనిని లెక్కలోనికి తీసికొనవలదు. అసలుది నీవు వచ్చిన మఱునాడు నీవే వండవలెను, నేను పీటపై కూర్చుందును" అనెను.

అతడు వెళ్లి నాలుగు మాసములైనది. సాయంకాలములందు ఖాలాయు, మా అత్తగారును గుమ్మముల ముందు కూర్చుండి మాటలాడుకొందురు. మొన్న మా అత్తగారు, "మృగశిరకార్తెకు మీ యింటనే చేప వండుదము" అనెను. ఆ కార్తె ప్రవేశించు జూను మాసారంభమున మా ప్రాంతమున చేప వండని యిల్లు అరుదు. ఖాలా వ్రేళ్లపై నెలలు లెక్కించుకొని, "అప్పటికి వానికింకను ఒక యేడాది మిగులును. అయినను వండుదము. చేయి మరచిపోకూడదు గదా" యని, చింతగింజలు ఇంటనున్నవో లేవో చూచుటకు లోపలికి పోయినది.